నీలదర్పణమును చూచినవారు

1860వ సంవత్సరము ఆగస్టు మాసములో వంగదేశపు లెఫ్టినెంటు గవర్నరు జాన్ పీటర్ గ్రాంటు కుమార, కాళీగంగా నదులమీదుగా పొగయోడలో ప్రయాణము చేయుచుండగా, ఆయన రాకను ఎట్లో పసికట్టిన రైతులు ఆ నదుల యిరుగట్టులను వేలకు వేలుగా వచ్చి నిలిచి, ఇక తమచేత నీలిపంట వేయింపరాదని ఉత్తరువు చేయుమని మొఱపెట్టుకొనిరి. 14 గంటలసేపు ఓడ సాగినను ఆ మనుష్యపంక్తికి అంతము కానరాలేదని గ్రాంటే తన వ్రాతలో తెలిపియున్నాడు. ఆ గట్టులమీద నిలిచినవారిలో అక్షరము నేర్చినవారు అరుదు. అయినను, కొలదికాలమునకే ఢాకానగరమున అచ్చుపడిన యొక నాటకమునకు ఇతివృత్తమును, పాత్రలను, కన్నీటిని సమకూర్చినవారు వారే. ఆ నాటకము నీలదర్పణము.

నీలిమందు సాగు మన కడప, నెల్లూరు మండలములకును తెలియనిది కాదు. కాని వంగదేశమున, అందును నదియా, జెస్సోరు ప్రాంతములలో, ఆ సాగు నడిచిన తీరు వేఱు. నీలిదొర రైతునకు బీఘాకు రెండు రూపాయల చొప్పున బయానా యిచ్చి, వరి పండు మేలైన నేలలోనే గుఱుతువేసి నీలి విత్తుమనును. కోసి తెచ్చిన కట్టలను తన నీలికర్మాగారమగు కోఠీలో తన కొలతతో తానే కొలుచును. లెక్క చూచునప్పటికి రైతునకు రావలసినదేమియు నుండదు సరికదా, బయానాలో కొంత తీరకయే నిలుచును. ఆ నిలువ తండ్రినుండి కొడుకునకు సంక్రమించును. విత్తనన్నవానికి కోఠీ కొట్టునందు నిర్బంధము, కఱ్ఱసాము భటుల దెబ్బలు, ఇంటికి నిప్పు. న్యాయస్థానమునకు పోవుదమన్నచో కొందఱు నీలిదొరలే గౌరవ మేజిస్ట్రేటులు. ఇట్టి స్థితిలో 1859లో రైతులు గ్రామములకు గ్రామములుగా విత్తనము చల్లుట మానివేసిరి; చౌగాఛా గ్రామమున విష్ణుచరణ, దిగంబర విశ్వాసులు, పూర్వము కోఠీలో కొలువు చేసినవారే, వారికి ముందు నిలిచిరి. కలకత్తాలో హరిశ్చంద్ర ముఖర్జీ తన హిందూ పేట్రియట్ పత్రికలో రైతుల పక్షమున అలుపెఱుగక వ్రాసెను. ప్రభుత్వము విచారణసంఘమును నియమింపక తప్పలేదు.

నాటకకర్త దీనబంధు మిత్రుడు తపాలా శాఖలో ఉద్యోగి. ఊరూర తిరుగుట ఆయనకు ఉద్యోగధర్మము. తిరిగిన ఊళ్లలో చూచినదానిని వ్రాయుట ఆ ధర్మములో చేరదు గనుక ఆయన తన పేరు లేకయే గ్రంథమును ప్రకటించెను. ఐదంకముల ఆ రచనలో స్వరపుర గ్రామవాసియైన గోలోకవసు అను గృహస్థుని కుటుంబమును, సాధుచరణుడను రైతు కుటుంబమును కోఠీదొరలైన వుడ్డు, రోగు అనువారు సమూలముగ నాశనము చేయుదురు. కూటవ్యవహారమున కారాగృహము పాలైన గోలోకుడు అచ్చటనే ఉరి వేసికొనును. పెద్దకొడుకు నవీనమాధవుడు దొర కొట్టిన దెబ్బకు మరణించును. తల్లి సావిత్రి ఉన్మాదినియై చిన్నకోడలిని చంపి, తెలివి వచ్చిన క్షణమున తానును ప్రాణము విడుచును. సాధుచరణుని కూతురు, గర్భవతియైన క్షేత్రమణి రోగుదొర చేసిన బలాత్కారముచేత మరణించును. నిష్కర్షగా చెప్పవలెనన్న, ఐదవ అంకమున శవములు మితిమీఱినవి. సంస్కృతపదభూయిష్ఠమైన భద్రలోకుల సంభాషణలు కృతకములు. కాని రైతులు నోరు తెఱచినంతనే ఆ నాటకమునకు ప్రాణము వచ్చును. వారి పల్లెభాషను, తిట్లను, హాస్యమును, అందును తోరాపు అను మహమ్మదీయ రైతు మాటలను, దీనబంధువు చెవితో విని చేతితో దింపినాడు. ఈ గుణమును పట్టియే కాబోలు, బంకించంద్రుడు దీనిని అమెరికాలో బానిసల దురవస్థను చిత్రించిన అంకుల్ టామ్స్ కాబిన్ నవలతో పోల్చెను.

పుస్తకముగా నున్నప్పుడు దీనిని చూచి మొట్టమొదట కోపించినవారు ప్రేక్షకులు కారు, పాఠకులు. వారును బంగాళీ పాఠకులు కారు, ఆంగ్ల పాఠకులు. 1861లో దీని ఆంగ్లానువాదము వెలువడెను. అనువాదకుని పేరు గ్రంథముపై లేదు. మైకేల్ మధుసూదన దత్తుడని ప్రతీతి. ప్రకటించినవాడు రెవరెండు జేమ్స్ లాంగు అను ఐరిష్ మిషనరీ. బంగాళీ గ్రంథముల పట్టికలు కూర్చుటలో ఏళ్లు గడపిన శ్రమజీవి. విచారణసంఘమునకు అధ్యక్షుడై, అప్పుడు ప్రభుత్వ కార్యదర్శిగా నున్న సీటన్ కార్ అనుమతితో 500 ప్రతులు అచ్చయి, అందు ఇంచుమించు 200 ప్రతులు ప్రభుత్వ ముద్రతోనే తపాలాలో పోయినవి. అంతతో కలకత్తా ఆంగ్ల వ్యాపారిసమాజము భగ్గుమన్నది. నీలిదొరలను వర్ణించినందులకు కొంత, పీఠికలో రెండు ఆంగ్ల దినపత్రికల సంపాదకులు దొరలవద్ద ధనము గొని వారిని స్తుతించుచున్నారని, ముప్పది నాణెములకు ప్రభువును పట్టియిచ్చిన జూడాసుతో పోల్చి ధ్వనించినందులకు మఱికొంత, పరువునష్టపు వ్యవహారము నడచెను. ముద్రాపకునకు పది రూపాయలు జుల్మానా వేసిరి; అతడు లాంగు పేరు బయటపెట్టెను. బంగాళీలను న్యాయపీఠమునుండియే నిందించుటకు పేరుపడిన సర్ మార్డాంట్ వెల్సు ఎదుట జూలైలో విచారణ జరిగి, లాంగునకు ఒక మాసము చెఱయు, వేయి రూపాయల జుల్మానాయు విధింపబడెను. ఆ వేయి రూపాయలను అప్పటికప్పుడు చెల్లించినవాడు ఇరువది యేండ్ల ప్రాయమువాడైన కాళీప్రసన్న సింహుడు. మహాభారతమును బంగాళీలోనికి తెప్పించిన మహాదాత అతడే. సీటన్ కార్ పదవి వదలుకొనెను. మూలగ్రంథకర్త మాత్రము తపాలాశాఖలో నిశ్చింతగా ఉద్యోగము చేసికొనుచుండెను. పది సంవత్సరములు గడచిన పిమ్మట ప్రభుత్వము ఆయనకు రాయ్‌బహద్దరు బిరుదును గూడ నొసగినది. గ్రంథము వ్రాసినవానికి బిరుదము, అనువాదమును అచ్చొత్తించినవానికి చెఱ! ఏది ఎవరి చేతిలో పడుననుటయందే దోషము గలదుగాని, వ్రాసినదానియందు దోషము లేదని ఆ ప్రభుత్వము అప్పటికే తలపోయుచుండెనని దీనివలన తోచుచున్నది.

అయితే నాటకమునకు అసలైన పరీక్ష రంగస్థలముమీద జరుగవలసియుండెను. అంతవఱకు కలకత్తాలో నాటకములు పాయిక్‌పాడా రాజుల బెల్గాఛియా తోటలోను, ఠాకూరుల భవనములలోను ఆహ్వానితులకొఱకు ఆడెడివారు. పిలుపు లేనివాడు ఎంత రసజ్ఞుడైనను గేటు బయటనే. 1872 డిసెంబరు 7వ తేదీన బాగ్‌బజారు యువకులు కొందఱు జోడాసాంకోలో మధుసూదన సన్యాలుగారి యింటి ముంగిలి అద్దెకు తీసికొని, నేషనల్ థియేటరను పేర, టిక్కెట్టు పెట్టి నీలదర్పణమును ప్రదర్శించిరి. రూపాయి యొక తరగతి, అర్ధరూపాయి యొక తరగతి. సరియైన రంగస్థలము లేక ఇంత పెద్ద పేరేల అని వారిలో నొకడైన గిరీశచంద్రఘోషు అలిగి విడిపోయెను, (అలుక అట్టే కాలము నిలువలేదు, మరుసటి మార్చిలో టౌనుహాలున ఆసుపత్రి సహాయార్థము ఇదే నాటకమాడినప్పుడు వుడ్డుదొర వేషము ఆయనదే.) అర్ధేందుశేఖర ముస్తఫీ తొలిరాత్రి ఒక్కడే వుడ్డుదొర, గోలోకవసు, సావిత్రి మున్నగు పలువేషములు ధరించెను. స్త్రీలు రంగమెక్కని కాలము గనుక పెద్దకోడలు సైరింధ్రి పాత్రను అమృతలాల్ వసు ధరించెను.

ఈ టిక్కెట్టు సామాన్యమైన వస్తువు కాదు. ఆహ్వానపత్రికతో వచ్చినవాడు గృహస్థునకు అతిథి, మర్యాదకు బద్ధుడు, నచ్చకున్నను తలయూపవలెను. అర్ధరూపాయి పెట్టి వచ్చినవాడు ఎవరికిని అతిథి కాడు. ఏడ్చుటకును, కేకవేయుటకును, లేచి నిలుచుటకును హక్కును కొనుక్కొన్నవాడు. కచ్చేరీ గుమాస్తా, అంగడివాడు, కళాశాల విద్యార్థి ప్రక్కప్రక్కన కూర్చుండి, తమ యేలికల జాతివాడు వేదికమీద పల్లెపడుచును చెఱపట్టబోవుటను, తోరాపు వచ్చి వానిని క్రింద వేసి కొట్టుటను ఒక్కటిగా చూచుట వంగదేశమున అదే మొదటిసారి. ఆంగ్ల పత్రిక ఇంగ్లీష్‌మన్ ఆ మాసముననే హెచ్చరించెను: ఏ గ్రంథమునకై మిషనరీ చెఱకు పోయెనో దానిని నడిబజారున ఆడనిచ్చుట వింతగా నున్నదని, సమర్థుడైన పరిశోధకునిచేత నిందాభాగములు తీసివేయించిన తరువాతగదా ఆడనీయవలసినదని. ఏడేండ్ల బాలునికైనను తెలియును, తోరాపు దెబ్బలను తీసివేసిన నీలదర్పణము చూచుటకు ఎవరును అర్ధరూపాయి పెట్టరని.

ఆ నాటకమును చూచినవారినిగూర్చి వంగదేశమున చెప్పుకొనెడి కథ యొకటి కలదు. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు ముందువరుసలో కూర్చుండి, దొరవేషములోనున్న అర్ధేందుశేఖరుడు క్షేత్రమణిని హింసించుట చూచి పట్టలేని కోపమున తన చెప్పును వేదికమీదికి విసరెననియు, ఆ నటుడు దానిని తలదాల్చి, ఇంతకు మించిన పారితోషికము తనకు లేదనెననియు ఆ కథ. ఏ రాత్రి, ఏ వేదికమీద అనునది చెప్పువారినిబట్టి మాఱుచుండును; కనుక నేను దీనిని చరిత్రగా గ్రహింపను. కాని ప్రజలు కల్పించుకొనునప్పుడు విద్యాసాగరునే ఎన్నుకొనుట గమనింపదగినది. వ్యాకరణములు వ్రాసినవాడు, వితంతు వివాహములకై శాస్త్రములు శోధించినవాడు, అంతటి సంయమి సైతము నాటకమని మఱచెనన్నచో తాము మఱచుట తప్పుకాదని సామాన్య ప్రేక్షకుడు తనకు తాను చెప్పుకొన్న సమాధానమది. ఆ విద్యాసాగరుడే బెంగాల్ థియేటరువారు 1873లో వేశ్యావాటికలనుండి నటీమణులను తెచ్చినప్పుడు సమ్మతింపక ఆ సంఘమునుండి తొలగెననునదియు ఇచ్చట స్మరింపదగును. పండితుని నీతి ఒకటి, ప్రేక్షకుని ఆవేశము వేఱొకటి.

కథ కానిది లక్నోలో జరిగినది. 1875లో గ్రేట్ నేషనల్ థియేటరువారు ఢిల్లీ, లాహోరు, ఆగ్రా మొదలగు నగరములకు పయనమై, లక్నోలో నీలదర్పణమాడిరి. అప్పటికి పదుమూడేండ్లు నిండని వినోదిని దాసి చిన్నకోడలి పాత్రను ధరించెను. పెద్దయైన పిమ్మట ఆమె తన ఆత్మకథలో ఆ రాత్రిని మఱువరాని విధమున వర్ణించినది. సభలో ఆంగ్లేయులే పెక్కుమంది. వారు మొదట కుతూహలముతోనే చూచిరట. రోగుదొర క్షేత్రమణిపై చేయివేయుట, ఆమె వేడుకొనుట, నవీనమాధవునితో తోరాపు తలుపు విఱిచి లోపల ప్రవేశించుట, దొరను పడవేసి మోకాలితో పొడుచుట ఆరంభమైనంతనే సభలో అలజడి పుట్టినది, ముఖములు ఎఱ్ఱబాఱినవి, కొందఱు దొరలు ఒరలనుండి కత్తులు దూసి వేదికమీదికి ఎగబ్రాకిరి. వేషగాండ్రు దిక్కుతోచక తెఱవెనుక వణకుచు ఏడ్చుచుండిరి. తుదకు అధికారులు కలుగజేసికొని నాటకమును ఆపించి, దళమును నగరమునుండి పంపివేసిరి. కలకత్తాలో బంగాళీ ప్రేక్షకుడు తోరాపు దెబ్బ దొరకు తగిలినదని సంతోషించెను; లక్నోలో ఆంగ్ల ప్రేక్షకుడు అది తనకు తగిలినదని భ్రమించెను. ఉభయులును వేషమును నిజమనుకొన్నవారే. ఒక నాటకమునకు ఇంతకన్న సత్యమైన విమర్శ వ్రాయగలవారు లేరు. కాని ఒకరి చేతిలో చప్పట్లుండెను, మఱియొకరి చేతిలో కత్తులుండెను.

ఆ మరుసటి సంవత్సరమే వ్యవహారము ముదిరినది. వేల్సు యువరాజు కలకత్తాకు వచ్చినప్పుడు జగదానంద ముఖర్జీ అను న్యాయవాది ఆయనను తన అంతఃపురములోనికి ఆహ్వానించి స్త్రీలచేత స్వాగతమిప్పించెను. నగరమంతయు ముక్కున వేలిడుకొన్నది. గ్రేట్ నేషనల్ వారు 1876 ఫిబ్రవరిలో గజదానందుడను ప్రహసనమాడిరి, పోలీసులు నిషేధించిరి, పేరు మార్చి హనుమచ్చరిత్రమని ఆడిరి, దానినిగూడ నిషేధించిరి. అంతట పోలీసు కమిషనరు హాగ్, సూపరింటెండెంటు లాంబ్ అనువారి పేర్లకు ఆంగ్లమున పందియు గొఱ్ఱెపిల్లయు అను అర్థములు పొసగుటచే వారినే వరాహమేషములుగా చేసి వెక్కిరించిరి. ఫిబ్రవరి 29న వైస్రాయి నార్త్‌బ్రూకు తాత్కాలిక శాసనము వెలువరించెను. మార్చి 4న నాటకము జరుగుచుండగనే పోలీసులు రంగశాలలో ప్రవేశించి ఉపేంద్రనాథదాసు, అమృతలాల్ వసు మున్నగువారిని పట్టుకొనిపోయిరి. అభియోగము రాజద్రోహము కాదు, అశ్లీలము! సురేంద్ర వినోదిని అను మఱియొక నాటకమును సాకుగా చూపి ఒక్కొక్క మాసము శిక్ష వేసిరి. హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసినది. న్యాయస్థానమువలన కానిది శాసనమువలన కావలసివచ్చెను.

1876 డిసెంబరులో పుట్టిన 19వ నంబరు నాటక ప్రదర్శనముల శాసనము పెద్దది కాదు. ఒక్క కూర్చుండుటలో చదువవచ్చును. పరనిందాత్మకమైనను, ప్రభుత్వముపై విరక్తి కలిగింపజాలినదైనను, హాజరైనవారిని చెడగొట్టజాలినదైనను ప్రదర్శనమును నిషేధింపవచ్చును. నిషేధాజ్ఞను మీఱి ఆడినవానికి మూడుమాసముల వఱకు చెఱ. సహాయము చేసినవానికి, ఇల్లిచ్చినవానికి అంతే. ఇంతవఱకు ఊహింపదగినదే. కాని అదే విభాగమున, ఆజ్ఞ నెఱిగియు ప్రేక్షకుడుగా హాజరైనవాడును అట్టి శిక్షకే పాత్రుడని కలదు. పుస్తకమును చదివినవాడు నేరస్థుడని ఆ శాసనము చెప్పలేదు. నీలదర్పణము పుస్తకముగా అంగడిలో అమ్ముడుపోవుచునే యుండెను. పలువురు ఒకచోట కూర్చుండి, ఒకే క్షణమున ఒకే కోపమును అనుభవించుట, అది నేరము. దొరతనము భయపడినది దీనబంధువునకు కాదు, అర్ధేందువునకు కాదు, అర్ధరూపాయి టిక్కెట్టువానికి. నాటకశాసనమని పేరుపెట్టినను అది యథార్థముగ ప్రేక్షకశాసనము.

అందే మఱియొక విభాగము మతోత్సవములలో జరుగు యాత్ర యను జానపదనాటకముల ప్రదర్శనములకు శాసనము వర్తింపదని మినహాయించెను. దేవుని పేర ఆడిన ఆట హానిచేయదని దొరల నమ్మకము. రచయితలు ఈ సందును కనిపెట్టుటకు కొంతకాలము పట్టినది, కాని కనిపెట్టిరి. పురాణకథలు వేదికలనాక్రమించినవి. మహారాష్ట్రమున ఖాడిల్కరు 1907లో కీచకవధ నాటకము వ్రాసినప్పుడు కీచకుడు కర్జనుప్రభువని, ద్రౌపది భరతమాతయని, భీముడు అతివాదులని ఎవరును వేదికమీదనుండి చెప్పలేదు. ప్రేక్షకులు తామే చెప్పుకొనిరి. ప్రభుత్వము గ్రహించి 1910లో నిషేధించునప్పటికి మూడేండ్లు ఆ నాటకము ఆడినది. పద్యమునకు వన్స్‌మోరు కొట్టు మన తెలుగు ప్రేక్షకునకు ఇది బోధింపనక్కఱలేదు. రాయబార పద్యములో దుర్యోధనునకు చెప్పిన బుద్ధి ఎవరికి చెప్పినదో స్వరాజ్యోద్యమ దినములలో అతడు వేఱుగా అడిగి తెలిసికొనలేదు.

తెలుగునాట రైతు తానే వేదికమీదికి, పురాణవేషము లేకయే, వచ్చినది 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు రచించిన మాభూమి నాటకముతో. తెలంగాణములో దేశముఖుల దౌర్జన్యము నెదిరించి హతుడైన కామారెడ్డిగూడెపు షేక్ బందగీ గాథ దానికి ప్రేరణ. ప్రజానాట్యమండలి దళములు ఆంధ్రమండలములలో ఊరూర దానిని ఆడినవి. బండ్లు కట్టుకొని వచ్చి చూచినవారు కలరు, చూడక మునుపే ద్వేషించినవారును కలరు. తోరాపునకును బందగీకిని నడుమ ఎనుబదియేండ్ల దూరమున్నను ప్రభుత్వము చేసినది ఒక్కటియే: మద్రాసు ప్రభుత్వము మాభూమిని నిషేధించెను. ఈ పర్యాయము నిషేధించినవారు దొరలు కారు. నిన్నటివఱకు ఆ దొరల నిషేధములకు గురియైనవారు, లేక వారి మిత్రులు. ప్రేక్షకునిపట్ల భయము అధికారముతోబాటు చేతులు మాఱు ఆస్తియని దీనినిబట్టి అనుకొనవలసివచ్చుచున్నది. ఈ విషయమున పాలకులలో స్వదేశ విదేశ భేదమును చూపుట నాకు న్యాయముగా తోచదు.

దీనబంధు మిత్రుడు 1873 నవంబరులో, నలుబదిమూడేండ్ల ప్రాయమున మరణించెను. లక్నో కత్తులనుగాని, శాసనమునుగాని ఆయన చూడలేదు. శాసనము మాత్రము దీర్ఘాయువు గలది. 1956లో అలహాబాదు హైకోర్టు అది రాజ్యాంగమునకు విరుద్ధమని తీర్పు చెప్పినను శాసనగ్రంథమునుండి అది తొలగిపోలేదు. తుదకు 2017 సంవత్సరపు రద్దుచట్టమువలన, జట్కాబండ్ల శాసనము, గంగానదీ సుంకముల శాసనము మొదలగు కాలముచెల్లిన 131 శాసనములతో ఒక్క మూటగా కట్టబడి, 2018 జనవరిలో అది రద్దయినది.